బ్యాంకు లోన్ ఇస్తానన్నాక కూడా వకీలుకు చూపించాలా?

హనుమకొండలో మూడో అంతస్తులో ఫ్లాట్ చూశారు. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్ల (పాత చేతులు మారిన దస్తావేజుల) జిరాక్సులు బిల్డరే ఇచ్చాడు, బ్యాంకు లోన్‌కు ఒప్పుకుంది, ఇక వకీలు ఫీజు దండగ కదా అని అడిగారు. పన్నెండేళ్లుగా ఇక్కడి కోర్టులో జాగల కేసులు, అపార్ట్‌మెంట్ల కేసులే చూస్తున్నాను. దండగ కాదు, చూపించండి. బ్యాంకు వకీలు బ్యాంకు అప్పు మునగకుండా చూస్తాడు. లోన్ చేతికి రాకముందే మీరు అడ్వాన్సుగా ఇచ్చే డబ్బు ఆయన లెక్కలో ఉండదు.

భూపాలపల్లిలో సింగరేణి నుంచి రిటైరైన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చేసరికే 18 లక్షలు కట్టేశాడు. చేతిలో ఉన్నది వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిన అగ్రిమెంటు ఒక్కటే. రిజిస్ట్రేషన్ రోజున జాగ ఓనరు వచ్చి, "అది నా వాటా ఫ్లాటు, నువ్వెట్ల కొన్నవ్?" అన్నాడట. ఆ మాట చెప్తూ ఆయన కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి గ్రాట్యుటీ పైసలు.

మన దగ్గర అపార్ట్‌మెంట్లు చాలావరకు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీదనే లేస్తాయి. జాగ ఒకరిది, కట్టేది ఇంకొకరు. ఏ ఫ్లాటు ఎవరికి అన్నది తర్వాత రాసుకునే సప్లిమెంటరీ అగ్రిమెంటులో ఉంటుంది. మొదటిది రిజిస్టరై ఈసీలో కనిపిస్తుంది. రెండోదాన్ని చాలాసార్లు నోటరీతో ఆపేస్తారు, అప్పుడు ఈసీ ఎన్నిసార్లు తీసినా అది దొరకదు. పెద్దాయన కేసులో ఆ కాగితంలో ఫ్లాటు నంబరు ఓనరు వరుసలో స్పష్టంగా ఉంది. డబ్బు కట్టకముందు చదివి ఉంటే ఐదు నిమిషాల పని.

అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవద్దని 2016 నాటి రెరా చట్టం (ఇండ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) 13వ సెక్షన్ చెప్తుంది. దాన్ని పట్టుకునే నోటీసు ఇచ్చాం, ఫిర్యాదుకు సిద్ధమయ్యాం. ఆఖరుకు బిల్డరు రాజీకి వచ్చాడు. అసలు సొమ్ము కిస్తీల్లో తిరిగి రావడానికి ఇరవై నెలలు పట్టింది. వడ్డీ కోసం పోరాడదామన్నాను. ఇక తిరగలేను సారూ, అన్నాడు. ఆ వడ్డీ ఇప్పించలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీది మూడో అంతస్తు అన్నారు కాబట్టి ఇంకొకటి. ప్లాను తప్పకుండా కడతాడన్న పూచీకి, పర్మిషన్ ఇచ్చేటప్పుడు మున్సిపల్ అధికారులు కట్టుబడి విస్తీర్ణంలో 10 శాతం దాకా బిల్డరుతో తనఖా రాయించుకుంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇక ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. మామూలుగా కింది అంతస్తుల ఫ్లాట్లే పెడతారు, అయినా మీ నంబరు అందులో లేదని డీడ్ చూసి తేల్చుకోండి.

బిల్డరును రేపే సప్లిమెంటరీ అగ్రిమెంటు కాపీ, తనఖా డీడ్ కాపీ అడగండి. ఆ రెండూ వకీలు చదివేదాకా టోకెన్ కూడా ఇవ్వకండి.