ఆషాఢం దాకా ఆగు, పాత డిస్క్ జోలికి పోకు

చిరంజీవి మేనల్లుడికి,

పాలకొల్లు నుంచి మామయ్య దీవెనలు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి షాపులో సిస్టమ్‌కి 11 వేయించేస్తానని ఫోన్లో అన్నావు. వేయించు, కాదనను. పెళ్లికార్డుల రద్దీలో మాత్రం వద్దు. ఆషాఢంలో అమలాపురంలో కూడా కార్డుల పని ఉండదు, అప్పుడు పెట్టుకో. మైక్రోసాఫ్ట్ వాళ్లు గడువు దాటిన విండోస్ 10కి పెట్టిన ఈఎస్‌యూ అనే అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, టెన్షన్ పడక్కర్లేదు.

11 ఎక్కుతుందా అని ఒక్కటే అడుగుతున్నావు. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, సెక్యూర్ బూట్ అనే స్టార్టింగ్ రక్షణ, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే అదే చెప్పేస్తుంది. నువ్వు కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకరు, తెలుగు కొట్టే అను ఫాంట్లు, ప్రింటరు విండోస్ 11లో నడుస్తాయో లేదో మాత్రం చెప్పదు. నీకు తిండి పెట్టేవి అవే కదా!

ముందు నీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా చూడు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే కనిపిస్తుంది. విండోస్ 11లో 32 బిట్ అసలు లేదు. నీది 32 అయితే అప్‌గ్రేడ్ కుదరదు, మొత్తం కొత్తగా వేయాల్సిందే. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి వెళ్లిపోవచ్చని ఎవరో చెప్పారన్నావే, అది ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ చేసినవాళ్లకే.

అందుకని వేరే ఎస్‌ఎస్‌డీ (కొత్తరకం డిస్క్) కొని 11 దానిమీద వేయించు. పాత డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టు, 11 కుదరకపోతే మళ్లీ అదే తగిలించుకోవచ్చు. ఫార్మాట్ చేసి ఇస్తానని షాపువాడు ఎంత బతిమాలినా ఇవ్వకు.

ఇక పరీక్ష. పాత కార్డు ఫైలు తెరిచి అక్షరాలు బాగా కనిపించగానే సంబరపడిపోకు. ఫాంట్లు కాపీ చేస్తే చాలు, కనిపించడానికేం, కనిపిస్తాయి. చి.ల.సౌ. పక్కన పెళ్లికూతురి పేరులో ఒక ఒత్తు మార్చి చూడు. కీబోర్డు ప్రోగ్రామ్ సరిగ్గా ఎక్కకపోతే అక్కడ తెలుగు పడదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే అందరి పద్ధతి) కావు, విండోస్‌తో వచ్చే తెలుగు కీబోర్డు వాటికి పనికిరాదు. ఒత్తు పడ్డాకే ప్రింట్ కొట్టు. 64 బిట్ విండోస్‌కి ప్రింటర్ని నడిపే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, 64 బిట్‌దే కావాలి. నీ ప్రింటరు మోడల్‌కి అది ఉందో లేదో కంపెనీ సైట్లో ముందే చూసుకో. డ్రైవర్ లేకపోతే, పాత విండోస్‌లా నడిపించే కంపాటిబిలిటీ మోడ్ కూడా ఏమీ చెయ్యలేదు. అది పాత ప్రోగ్రాములకి పనికొస్తుంది, అదీ అన్నింటికీ కాదు. పాత 16 బిట్ ప్రోగ్రాములైతే 64 బిట్‌లో నడవవు.

సాఫ్ట్‌వేర్‌కి డాంగిలో (లైసెన్సు కోసం సిస్టమ్‌కి గుచ్చే చిన్న పరికరం), కీనో ఉంటే కొత్త విండోస్‌లో పనిచేస్తుందా అని అమ్మినవాళ్లనే అడుగు. ఈలోపు మళ్లీ మళ్లీ వచ్చే పార్టీల డిజైన్లన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకో, ఫాంట్లు అందులోనే కలిసేలా. అవి ఏ సిస్టమ్‌లోనైనా ప్రింటవుతాయి.

ప్రాసెసరే పాతదైతే అడ్డదారిలో 11 ఎక్కించే పనులు నాకు నచ్చవు, అప్‌డేట్లకి గ్యారంటీ ఉండదు. ఆ మిషన్‌ని నెట్ తీసేసి డీటీపీకే ఉంచు. మెయిళ్లకి, వాట్సాప్‌కి వేరే సిస్టమ్ చూసుకో.

ఎస్‌ఎస్‌డీ కొనేముందు మదర్‌బోర్డు ఫొటో పంపు. ఏ రకం పడుతుందో చూసి చెబుతాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య