ఈ ఏడాదికి ‘ఓపిక’ వద్దు

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఏటా జనవరి 1న డైరీలో తీర్మానాలు రాసుకుంటాను. పోయినసారి ఆరు రాశాను. ఐదింటికి లేవాలి, 40 నిమిషాలు నడవాలి, స్వీట్లు మానేయాలి, పిల్లల మీద అరవకూడదు... ఇలా. భోగి నాడు అరిసెలతో స్వీట్ల తీర్మానం పోయింది, నెలాఖరుకు మిగతావీ పోయాయి. ‘ఈసారి ఎన్ని రోజులు?’ అని మావారు ఆటపట్టిస్తే ఏడుపొచ్చింది. మా కొలీగ్ తీర్మానాలు మానేసి ఏడాదికి ఒకే మాట పెట్టుకుంటుంది. నేను ‘ఓపిక’ అనుకున్నాను. మావారికి, అత్తగారికి బాగా నచ్చింది. అందరికీ పెట్టి నేను తినేసరికి రాత్రి పదవుతుంది, పిల్లల మీద అరిచేదీ అప్పుడే. ఈ మాట పనిచేస్తుందా, ఇదీ ఒక ఫ్యాషనేనా?

జవాబు: ఏడాదికి పేరు పెట్టుకోవడం మనకు కొత్త కాదమ్మా. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లతో మన ఏళ్లు నడుస్తున్నాయి. ఆ పేరు పంచాంగంలో ఉంటుంది, ఈ మాట మీరు పెట్టుకుంటారు. అంతే తేడా.

ముందు ఆ అరిసె సంగతి. తీర్మానానికి రెండే దారులు, నిలబడటం లేదా పోవడం. ఒక్క అరిసె తినగానే ‘ఇంకేముంది, పోయిందిగా’ అనిపిస్తుంది, దాంతో నడకా ఆగిపోతుంది. టొరాంటో యూనివర్సిటీ సైకాలజిస్టులు జానెట్ పాలివీ, పీటర్ హెర్మన్ ఇలాంటి ప్రయత్నాల గురించి చాలా రాశారు. త్వరగా, తేలిగ్గా, చాలా ఎక్కువ మారిపోతామని ఆశపడి, ఓడిపోయి, మళ్లీ అదే ఆశతో మొదలుపెట్టడాన్ని వాళ్లు ‘ఫాల్స్ హోప్ సిండ్రోమ్’ అన్నారు. కాబట్టి మీకు పట్టుదల లేదని అనుకోకండి. మాటకు ఆ బాధ లేదు. నాలుగు రోజులు మర్చిపోయినా ఐదో రోజు అది అక్కడే ఉంటుంది.

అయితే మీరు ఎంచుకున్న మాట దగ్గరే నాకు బెంగగా ఉంది. ‘ఓపిక’ మీకంటే ఎక్కువగా మీ ఇంట్లోవాళ్లకు నచ్చింది. పొద్దున్నుంచి స్కూలు, వంట, అత్తగారి మందులు, పిల్లల హోంవర్క్ అన్నీ చూసుకుని రాత్రి పదింటికి కంచం ముందు కూర్చునే మనిషికి ఇంకా ఓపిక కావాలా? మీరు అరుస్తున్నది ఆకలితో, అలసటతో. దానికి ఓపిక పేరు పెడితే రేపు అరిచినప్పుడు ఆ మాటే మీకు ఎత్తిపొడుపు అవుతుంది.

ఎవరో మెచ్చుకునే మాట వద్దు. మీకు రోజూ తక్కువవుతున్నదేమిటో చూసి, దాన్ని పేరు పెట్టి పిలవండి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు తట్టిన మాట ‘నాక్కూడా’. పిల్లలకు పండు కోస్తున్నారా, నాక్కూడా ఒక ముక్క. అందరూ తింటున్నారా, నాక్కూడా కంచం, ఎనిమిదింటికే. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు. ఇది స్వార్థం కాదని మీకు మీరు చాలాసార్లు చెప్పుకోవాల్సి వస్తుంది. చెప్పుకోండి. ఇంతకంటే దగ్గరి మాట మీకు తోస్తే అదే పెట్టుకోండి, ఉగాదికి మార్చుకున్నా ఏమీ కాదు.

మాటను డైరీలో దాచకండి. పొయ్యి దగ్గర గోడకు అంటించండి. మొదటి నెల మొత్తం ఒక్క పూటకే ముడిపెట్టండి, అది రాత్రి భోజనమే అయితే మంచిది. వాకింగ్ సంగతి తర్వాత చూద్దాం.

మీవారితో మాత్రం ఒకసారి నెమ్మదిగా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: ‘ఈసారి ఎన్ని రోజులు అని మీరు సరదాకే అంటారు, నాకు నొప్పిగా ఉంటోంది. ఆ మాట అనకండి. దాని బదులు రాత్రి హోంవర్క్ మీరు చూడండి.’ ఇలా ఒక్క పని అడిగితే చాలామంది కాదనలేరు. గొడవ మధ్యలో అడిగితే మాత్రం ఆ పని పక్కకు పోయి గొడవే మిగులుతుంది.

ఇంకొకటి. ఇంత అలసట ఎప్పుడూ పని వల్లే కాకపోవచ్చు. మీ వయసు ఆడవాళ్లలో థైరాయిడ్ సమస్య, రక్తహీనత మామూలే. ఈసారి అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, ఆవిడ చీటీ రాయించుకున్నాక లేచి వచ్చేయకుండా, ‘నాక్కూడా చూడండి’ అని అదే కుర్చీలో కూర్చోండి.