బాండ్ సినిమాల్లో మేటి ఏది, నాసి ఏది?

జేమ్స్ బాండ్ అభిమానుల కొట్లాట ఉత్తరాల్లోంచి ఏరిన ప్రశ్నలివి.

ప్ర: అన్నిటికన్నా చెత్త ‘మూన్‌రేకర్’ అంటాను నేను. మా తమ్ముడు ‘డై అనదర్ డే’ అంటాడు. మీరే తేల్చాలి. – గుంటూరు

జ: మీ తమ్ముడిదే గెలుపు. ‘మూన్‌రేకర్’ (1979)లో బాండ్ అంతరిక్షానికి వెళ్లడం అతే, కాదనం. ‘స్టార్ వార్స్’ ఆడేసరికి, అంతకుముందు ప్రకటించిన ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ని పక్కనపెట్టి మరీ తీశారు దాన్ని. అయినా మొదట్లోనే, విమానంలోంచి పడిపోతూ గాల్లో ఇంకొకడి పారాషూట్ లాక్కునే ఘట్టం ఉంది చూడండి, అది మనుషులు నిజంగా దూకి చేసింది. ‘డై అనదర్ డే’ (2002)లో బాండ్ మంచుగడ్డల మధ్య రాకాసి అల మీద తేలిపోయేది కంప్యూటర్ బొమ్మ. పైగా కంటికి కనబడని కారొకటి! హీరోకి ఏమీ కాదని ముందే తెలిసిపోయాక సీటు అంచున ఎవడు కూర్చుంటాడు? చిత్రమేమిటంటే, ఉత్తర కొరియా చెరలో బాండ్ 14 నెలలు మగ్గే మొదటి భాగం, క్లబ్బులో కత్తియుద్ధం దిట్టంగానే ఉంటాయి. ఐస్‌లాండ్ చేరాకే బండి పట్టాలు తప్పింది.

ప్ర: మొత్తం వరసలో గొప్ప స్టంట్ ఏది? – వరంగల్

జ: గొప్ప స్టంట్ ఓ నాసిరకం సినిమాలో ఉంది. ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’ (1974). థాయ్‌లాండ్‌లో కాలువ మీద విరిగిన వంతెన. ఇటు కొస నుంచి ఎర్ర ఏ.ఎం.సి. హార్నెట్ ఎగిరి, గాల్లో పక్కకు ఒక పూర్తి మెలిక తిరిగి, అటు కొసన చక్రాల మీదే దిగుతుంది. అమెరికాలోని కార్నెల్ ఏరోనాటికల్ లేబరేటరీలో ముందే కంప్యూటర్ మీద లెక్కగట్టారు. వేగం సరిగ్గా లెక్క ప్రకారమే ఉండాలి. తగ్గినా పెరిగినా అవతలి ర్యాంపు మీద సరిగ్గా దిగదు. డ్రైవరు ఒక పక్కన కూర్చుంటే బరువు అటే లాగి మెలిక చెడుతుంది కాబట్టి స్టీరింగునీ సీటునీ నడిమధ్యకు మార్చారు. ఒక్క టేకులో ఓకే అయింది.

ఇంత కష్టపడ్డాక ఆ మెలిక మీద స్లయిడ్ విజిల్ మోత పెట్టారు! ఊపిరి బిగబట్టాల్సిన చోట జోకరు ఈల. సంగీత దర్శకుడు జాన్ బ్యారీయే తర్వాత నొచ్చుకున్నాడు. ఒకసారి మ్యూట్‌లో పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

‘క్యాసినో రాయల్’ (2006)లో కారు పల్టీలది ఇందుకు తిరగేసిన కథ. ఆస్టన్ మార్టిన్ డీబీఎస్ నేలబారు కారు, బరువంతా కిందనే. మామూలు ర్యాంపుకు అది తిరగబడనంది. చివరికి నైట్రోజన్ ఒత్తిడితో నేలను తన్నే గొట్టం అమర్చితే 7 పల్టీలు కొట్టి గిన్నిస్‌కెక్కింది. అక్కడ ఈలలూ గోలలూ లేవు.

ప్ర: జార్జ్ లేజెన్‌బీ ఒక్క సినిమాతో ఆగిపోయాడు. ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ని ఎందుకంత మోస్తారు? – హైదరాబాద్

జ: మోసేది సినిమాని, ఆయన్ని కాదు. దొంగపేరుతో శత్రువు స్థావరంలో తిరిగే భాగంలో ఆయనకు గొంతు కూడా అరువే, జార్జ్ బేకర్ డబ్బింగ్ చెప్పాడు. నడుమ కాస్త సాగుతుంది కూడా. కానీ దర్శకుడు పీటర్ హంట్ అంతకుముందు ఇవే సినిమాలకు ఎడిటర్. ఎక్కడ కోయాలో తెలిసినవాడు. వెంటబడ్డవాళ్లకు జడిసి, కాలరు పైకి లాక్కుని, తల వంచుకుని బాండ్ ఓ మూల కూర్చుంటాడు. ఎదురుగా రెండు స్కేటింగ్ బూట్లు వచ్చి ఆగుతాయి. తలెత్తితే కథానాయిక ట్రేసీ. బాండ్ మొహంలో నిజమైన భయం అంతకుముందు లేదు. ఇక ముగింపు సంగతి, చూడనివాళ్ల కోసం ఇక్కడ చెప్పం. మా ఓటు దీనికే.

ప్ర: ‘ఆక్టోపస్సీ’ మన దేశంలో తీసిందని మురిసిపోవాలా, సిగ్గుపడాలా? – తిరుపతి

జ: రెండూ చెయ్యొచ్చు. ఉదయ్‌పూర్ అందంగా ఉంది, కబీర్ బేడీ నిలబడితే చాలు. కానీ ఫకీర్లు, పాములు, విందులో గొర్రె తలకాయ... విదేశీయుడి ఊహలో ఇండియా అంతా ఒకే వీధిలో పోగేశారు. టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ ఆటోలోంచి టెన్నిస్ రాకెట్‌తో రౌడీలను బాదుతుంటే జనం మ్యాచ్ చూసినట్టు తలలు అటూ ఇటూ తిప్పే జోకు మాత్రం ఇప్పటికీ పేలుతుంది.

ప్ర: మా నాన్నగారు ‘గూఢచారి 116’ కూడా లెక్కలో కలపాలంటారు. – ఏలూరు

జ: అసలు లెక్క 1962 నుంచి 2021 దాకా 25. తొలి సినిమాల బాండ్ షాన్ కానరీతో 1983లో వచ్చిన ‘నెవర్ సే నెవర్ అగైన్’కే ఆ లెక్కలో చోటు లేదు, వేరే నిర్మాతలది. అయినా ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు కృష్ణగారికి ఊరికే రాలేదు. 1966 నాటి ఆ సినిమాకి నాన్నగారి లెక్కలో చోటివ్వండి.

ప్ర: ఒక్కటీ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? – డాలస్

జ: ‘క్యాసినో రాయల్’ (2006), తర్వాత ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ (1963). ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ (2008)తో మాత్రం మొదలుపెట్టకండి. అది ‘క్యాసినో రాయల్’ ముగిసిన కాసేపటికే మొదలయ్యే కథ, ముందుది చూడకపోతే ఎవరెవరో అర్థం కాదు. పైగా రచయితల సమ్మె మధ్యలో తీసింది. చూసినా సగం అర్థం కాదనుకోండి.