ఖాళీ గిన్నె

కోనసీమలో ఓ లంక ఊరి తపాలా కార్యాలయం నడిపి రిటైరైన పోస్టుమాస్టరమ్మ పాఠకుల ఉత్తరాలకు ఇచ్చే జవాబులు

ప్రశ్న: మేము అమలాపురంలో అద్దెకు ఉంటున్నాం. పక్క వాటాలో డెబ్బై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. కొడుకు కువైట్‌లో ఉద్యోగం. ఆవిడ సరిగా వండుకోవడం లేదని గమనించి, రోజూ కూర గిన్నెలో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. నాలుగో రోజున గిన్నె కడిగి తెచ్చి, "మాకేం లోటు లేదమ్మా" అని ముఖం తిప్పుకుని వెళ్లిపోయారు. మా ఆయనది చిన్న జీతం. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ పెట్టడానికి మేమేమీ డొక్కా సీతమ్మ గారం కాదు. మా బోటివాళ్లు చేయగలిగే చిన్న సాయాలేమైనా ఉంటే చెప్పండి. — ఓ గృహిణి

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఆవిడకు ఏమిచ్చావో రాశావు గాని, ఆవిడ దగ్గర ఏం తీసుకున్నావో ఎక్కడా కనబడలేదు. ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నెను మనం ఖాళీగా తిరిగి ఇవ్వం కదా. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతాం. మూడు రోజులు ఏదో ఒకటి వేసి ఉంటుంది. నాలుగో రోజున వేయడానికి ఏమీ దొరకలేదేమో. ఖాళీ గిన్నె చేతికివ్వాల్సి వచ్చిన పెద్దమనిషి ముఖం తిప్పుకోక ఏం చేస్తుంది?

ఈసారి కూర పట్టుకెళ్లకు. ఓ లేత పనసకాయ పట్టుకెళ్లు. "పిన్నిగారూ, నాకు పొట్టు కొట్టడం రాదు. ఆవ పెడితే చేదెక్కిపోతోంది" అని ఆవిడ గుమ్మంలో చతికిలబడు. పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే చేదు రాక ఏమవుతుంది, దించి చల్లార్చాక కలపాలని ఆవిడ నీకు నాలుగు చీవాట్లు పెట్టి మరీ చెబుతుంది. బుద్ధిగా పడు. ఆ పూట కూరలో ఆవిడ వాటా ఆవిడ ఇంట్లోనే ఉండిపోతుంది, మోసుకెళ్లే పని కూడా లేదు.

నీకు చెబుతున్నాను గాని, ఈ తప్పు నేనూ చేశాను. ఫోన్లు ఇన్ని లేని రోజుల్లో మా ఊరి ఆడపిల్లలు చాలామంది గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లేవారు. ఉత్తరం వచ్చిందంటే తల్లులు నా దగ్గరికి వచ్చేవారు, చదివి పెట్టమని. తలుపు దగ్గరగా వేసి, మెల్లగా చదివేదాన్ని. ఒకావిడ వచ్చినప్పుడల్లా రెండు కొబ్బరికాయలు తెచ్చేది. నేను నిక్కచ్చి మనిషిననే పేరు పోతుందని ప్రతిసారీ వెనక్కి ఇచ్చేదాన్ని. మూడు నెలలకు ఆవిడ రావడం మానేసింది. తర్వాత తెలిసింది, కాలువ గట్టున కిళ్లీకొట్టు కుర్రవాడి చేత చదివించుకుంటోందట. వాడు రెండు కాయలూ పుచ్చుకుని, కొట్టు దగ్గర నిలబడ్డ నలుగురికీ వినిపించేలా చదువుతాడు. కూతురి కష్టం ఊరంతా తెలిసినా పరవాలేదు గాని, ఊరికే చదివించుకున్నానన్న మాట ఆవిడకు పడలేదు. మరుసటి ఉత్తరం నేనే ఆవిడ ఇంటికి తీసుకెళ్లి, "పచ్చడికి ఓ కాయ ఉందా" అని అడిగాను. ఆవిడ నాలుగిచ్చింది.

సీతమ్మ గారి మాట ఎత్తావు కనుక అదీ చెబుతాను. గన్నవరం అక్విడక్టు, అదే ఏటి మీదుగా కాలువను దాటించే వంతెన, దాని మీదుగా బస్సులో వెళుతూ దానికి పెట్టిన ఆవిడ పేరు అందరం చదువుతాం. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా వేళ కాని వేళ వచ్చినవారికీ వండి పెట్టిన మనిషి. ఆ ఊరు ఉన్న చోటు చూడు. ఏటి పాయలు దాటి నడిచి వచ్చినవాడికి అక్కడికి చేరేసరికి ఆకలి వేస్తుంది. తన గుమ్మం ముందు నుంచి పోయేవాడికి ఏం కావాలో ఆవిడకు తెలుసు. నీ గుమ్మం ముందు నుంచి ఎవరు పోతున్నారు? చెత్తబండి మనిషి, గ్యాసు బండ మోసేవాడు, కొబ్బరి దింపు తీసేవాడు. దింపు మనిషి చెట్టు దిగగానే మంచినీళ్లు అతని చేతికివ్వకు, చేతులు వణుకుతుంటాయి. చెంబు అరుగు మీద పెట్టి పక్కకు తప్పుకో.

ప్రశ్న: నరసాపురంలో చదువుకుంటున్నాను. రోజూ సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కుతాను. ఎవరికైనా సాయపడాలని ఉంటుంది గాని కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బిడియం. — విద్యార్థి

జవాబు: బాబూ, మాట్లాడమని ఎవరన్నారు? చేపల తట్ట దింపుకోవాలన్నా, మళ్లీ నెత్తికెత్తుకోవాలన్నా ఇంకో మనిషి చెయ్యి ఉండాలి. రేవులో చేపలమ్ముకునే ఆవిడ తలమీద చుట్టకుదురు సర్దుకుంటూ అటూ ఇటూ చూస్తోందంటే నీ కోసమే. రెండో అంచు పట్టుకుని ఆవిడ "ఊ" అన్నప్పుడు ఎత్తు, ముందుగా ఎత్తితే నీసునీళ్లు ఆవిడ మెడ మీద పడతాయి. చొక్కాకు వాసన అంటుతుంది, కాలేజీలో నవ్వుతారు. అది భరించలేకపోతే ఇంకో సాయం వెతుక్కో, నేనేమీ అనుకోను.

ప్రశ్న: 2022 జూలై వరదలప్పుడు మా స్కూలు తరఫున పాత బట్టలు పోగుచేసి లంకలకు పట్టుకెళ్లాం. ఏటిగట్టు మీద మూటలు విప్పినవాళ్లే లేరు. పిల్లలు చాలా నొచ్చుకున్నారు. మళ్లీ వరద వస్తే వెళ్లాలా? — ఓ ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, వెళ్లండి. మూటలు మాత్రం వద్దు. 1986 ఆగస్టు వరదలో గట్టు మీద పరదా కింద ఉన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరో పంపిన మూటలో నా వంతుకు గుండీలు లేని మగవాళ్ల చొక్కా వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అదే రోజు అవతలి ఊరి రైతు ఎండు కొబ్బరిమట్టలు మోపు కట్టి సైకిలు మీద తెచ్చాడు. ఊళ్లో పుల్ల పుల్లా తడిసి ఉంటే, ఆ మంట మీద మేం అన్నం వండుకున్నాం.

భద్రాచలంలో నీటిమట్టం పెరుగుతోందని వినగానే బయలుదేరండి. ఆ నీరు ఇక్కడికి చేరేలోపు పశువులను గట్టెక్కించాలి, ధాన్యం బస్తాలు మెరకకు చేర్చాలి. అప్పుడు కావలసింది మనుషులు. ఆ తర్వాత పశువులకు ఎండుగడ్డి, దోమల చక్రాలు, ఫోను చార్జింగు పెట్టుకునే వీలు, ఆడవాళ్లకు నెలసరి గుడ్డలు. ఈ గుడ్డలు మాత్రం మీ స్కూలు టీచరమ్మల చేత ఇప్పించండి. మొదటి రోజు పులిహోర పొట్లాలు అవసరానికి మించి వస్తాయి. నీరు తీశాక ఇంటినిండా ఒండ్రు ఉంటుంది, అప్పటికి పొట్లాలవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. మీరు అప్పుడు మీ పెద్ద తరగతి పిల్లలను, నాలుగు పారలను తీసుకుని రండి. మంచి ప్యాంట్లు వేసుకురావద్దని పిల్లలకు ముందే చెప్పండి.