చిన్నా, వ్యాన్ ఎక్కించే ముందు అడుగు

చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. నువ్వూ, మన చర్చి యూత్‌లో ఇంకో నలుగురూ కలిసి శనివారం రాత్రుళ్ళు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళకు అన్నం పెడతారట కదా. పరీక్షలకు చదవాల్సినవాడు రోడ్లు పట్టుకుని తిరుగుతానంటున్నాడని వదిన బాధ. నాకు మాత్రం, చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది. వెనకే భయమూ వేసింది. వాట్సాప్‌లో ఇంత పొడుగు పెడితే నువ్వు చదవవు, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. ఒక్కడివే వెళ్ళకు. బీదలకు సాయం చేసే మన కథోలిక సంఘం ఉంది కదా, విన్సెంట్ డి పాల్ సొసైటీ, ఇద్దరిద్దరుగా వెళ్ళడం అందులో మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఫాదర్‌గారికి చెప్పి వెళ్ళండి. పులిహోర నిలుస్తుంది, పప్పన్నం నిలవదు. పళ్ళు లేనివాళ్ళకు మెత్తగా ఏదైనా పట్టుకెళ్ళండి. ఫొటోలు తీయొద్దు. పొట్లంతోపాటు జపమాలలూ, పునీతుల పటాలూ పంచొద్దు. పెట్టిన అన్నానికి ప్రార్థన అడగడం మర్యాద కాదు, పైగా కాలం కూడా బాగాలేదు. 2021 క్రిస్మస్ నాడు మదర్ థెరిసా సిస్టర్ల విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్‌ను రెన్యువల్ చేయలేదన్న వార్త విని నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. జనవరిలో తిరిగి ఇచ్చారనుకో.

దుప్పట్లు మాత్రం కొనకు. డిసెంబర్‌లో ప్రతి సంఘమూ దుప్పట్లే పంచుతుంది. జూలైలో వాన పడుతుంటే టార్పాలిన్ ముక్క ఇచ్చేవాడు ఒక్కడూ కనబడడు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను హాస్పిటల్లో డ్యూటీ చేసే రోజుల్లో ఒక విచారణలో, అంటే ఒక చర్చి పరిధిలో, సేవాసంఘం ఉండేది. దాని పెద్దాయన మంచివాడే, చేతికి ఎముక లేని మనిషి. మోండా మార్కెట్‌లో ఒక హమాలీ ముసలాయన మూసిన షాపు షట్టర్ ముందు పడుకుంటాడని ఆయన కంటపడింది. పైన వాన, కింద బురద. సంఘంవాళ్ళు వ్యాన్ తెచ్చి ముసలాయన్ని ఎక్కించారు. ఊరి బయట ఒక ఆశ్రమంలో దింపి, గుండు కొట్టించి, కొత్త లుంగీ కట్టించి, పక్కన నిలబడి ఫొటో దిగారు. ఆదివారం పూజ అయ్యాక ఆ సంగతి చదివితే అందరం చప్పట్లు కొట్టాం.

ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదురా. ఆ షట్టర్ ముందు ఊరికే పడుకోవడం లేదు ఆయన. షాపుకి కాపలా. అందుకు షాపాయన పొద్దున టీ, టిఫిన్ ఇప్పించేవాడు. తెల్లవారి లారీ రాగానే మూటలు దించే జట్టులో ఆయనకో చోటుంది. రేషన్ కార్డూ, దాచుకున్న నాలుగు డబ్బులూ ఉన్న మూట షట్టర్ పక్క సందులో ఉంది. వారం తిరక్కుండా ఆశ్రమం నుంచి నడుచుకుంటూ వచ్చేశాడు. వచ్చేసరికి షట్టర్ ముందు ఇంకొకడు. జట్టులో ఇంకొకడు. మూట లేదు. చెత్త బండిలో పోయిందన్నారు.

కాలికి పుండు పడి మా వార్డుకి వచ్చినప్పుడు ఇదంతా ఆయనే చెప్పాడు. కట్టు కట్టడానికి వంగితే నా మెడలో శిలువ చూసి కాలు వెనక్కి లాక్కున్నాడు. "మళ్ళీ వ్యాన్ తెచ్చారా అమ్మా?" అన్నాడు. ఆ మాటకి నేనేం జవాబు చెప్పను? కట్టు కట్టి ఇవతలికి వచ్చాను.

అందుకని వ్యాన్ సంగతి తలపెట్టే ముందు ఆ మనిషి పక్కన కూర్చో. ఒకే చోటికి, ఒకే రోజున, వాన పడ్డా వెళ్ళు. పేరు అడుగు, నీ పేరు చెప్పు. పొద్దున ఎక్కడికి వెళ్తాడో, సామాను ఎవరి దగ్గర పెడతాడో తెలుసుకో. వ్యాన్ చూస్తే పరిగెత్తేవాళ్ళు కనబడతారు, తప్పు పట్టకు. 2017 నవంబర్‌లో, పెద్ద సదస్సుకు ముందు, హైదరాబాద్‌లో బిచ్చమెత్తడాన్ని పోలీసులు రెండు నెలలు నిషేధించి చాలామందిని జైలు ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. ఆ వ్యాన్‌కీ నీ వ్యాన్‌కీ తేడా వాళ్ళకెలా తెలుస్తుంది?

రోమ్‌లో టెర్మిని స్టేషన్ దగ్గర మొదెస్తా వాలెంటి అనే ముసలావిడ ఉండేది. 1983 జనవరి 31న ఆవిడకు ఒంట్లో బాగాలేకపోతే, ఒళ్ళంతా మురికి, పేలు అని అంబులెన్సువాళ్ళు ఎక్కించుకోలేదు. అక్కడే ప్రాణం పోయింది. అక్కడి సంత్ ఎజీదియో అనే కథోలిక సేవాసంఘంవాళ్ళు ఏటా ఆవిడ పేరు తలచి పూజ చేయిస్తారు. ఇప్పుడు రోమ్ నగరంలో ఇల్లు లేనివాళ్ళ చిరునామా రాయాలంటే నిజంగా ఎక్కడా లేని వీధి ఒకటి ఆవిడ పేరుతో రాస్తారు. నర్సుని కదా, నాకు ఆవిడ ఊరికే గుర్తొస్తుంటుంది. నువ్వు 108కి ఫోన్ చేస్తే బండి వచ్చేదాకా అక్కడే ఉండు, బండిలో నువ్వూ ఎక్కు. పక్కన మాట్లాడేవాడు ఒకడుంటే క్యాజువాల్టీలో స్ట్రెచర్ దొరుకుతుంది.

కాగితాల పని నీకు బోరు కొడుతుంది, కానీ అన్నం కంటే అదే ఎక్కువ కాలం అక్కరకొస్తుంది. ఇల్లు లేకపోయినా ఓటు హక్కు ఉంటుంది. ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటాడా లేదా అని ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ రాత్రిపూట వచ్చి చూడాలి. సిటీల్లో లక్ష జనాభాకి ఒక నైట్ షెల్టర్ ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీకు దగ్గర్లోది ఎక్కడుందో, లోపల బాత్‌రూమ్ ఎలా ఉందో, ఆడవాళ్ళకు వేరే గది ఉందో లేదో ముందు నువ్వు వెళ్ళి చూసిరా. చూడకుండా ఎవరినీ పంపకు.

మీ అమ్మతో మాట్లాడాను. ఓజానాం అనే కుర్రాడు 1833లో పారిస్‌లో ఈ విన్సెంట్ డి పాల్ సొసైటీ మొదలుపెట్టినప్పుడు ఇరవై ఏళ్ళవాడేనని చెప్పాను. "వాడికి వాళ్ళమ్మ ఏమీ అనలేదా?" అంది. ఆ కుర్రాళ్ళకి బీదల ఇళ్ళు చూపించి, అక్కడ ఎలా మసలుకోవాలో నేర్పింది రొజాలీ రాండూ అనే సిస్టర్. ఓజానాం పేరు మన విచారణలో పిల్లలకు కూడా తెలుసు, ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. అత్తల బతుకులు ఎప్పుడూ ఇంతే.

ఆదివారం రెండో పూజ అయ్యాక ఇంటికి రా. గాజుగుడ్డ, దూది, ఆయింట్‌మెంట్ ఒక డబ్బాలో సర్ది పెడతాను. పుండు కడగడం నేర్పిస్తాను. రక్తం చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి కాబట్టి టిఫిన్ తిని రా.

మీ అత్త