ఆ చిత్తు కాగితాలు ఎందుకు పారేశారు?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. కామిక్స్ గీస్తాడు. ఒక్క పేజీకి రెండు వారాలు పడుతుంది. గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. పరీక్షల ముందు కూడా ఇదే పని. మొన్న కోపం పట్టలేక ఆ చిత్తు కాగితాలన్నీ పారేశాను. నిజంగా టాలెంట్ ఉంటే ఇన్నిసార్లు ఎందుకు చెరుపుతాడు? వీడికి ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ మంచిదా, ఏడాది డిజిటల్ కామిక్స్ కోర్సు మంచిదా? – ఒక తండ్రి

జవాబు: డిగ్రీయా, కోర్సా అన్నది తర్వాత చూద్దామండీ. మీ టెన్షన్ దాని గురించి కాదు. వీడికి ఈ పని చేతకాదేమో, ఆ సంగతి నాలుగైదేళ్లు పోయాక గానీ బయటపడదేమో అన్నది మీ భయం. బొమ్మలు గీసే పిల్లల తల్లిదండ్రుల్లో సగం మంది నన్ను ఇదే అడుగుతారు.

అచ్చయిన పేజీ చూసి ఒక్క ఊపులో గీసేశారనుకుంటాం. టిన్‌టిన్ కామిక్స్ గీసిన హెర్జే పెన్సిల్ పేజీలు చూడండి. ఒక్కో మనిషి చుట్టూ గీత మీద గీత, అంతా చిక్కుపడిన దారంలా ఉంటుంది. అందులోంచి నచ్చిన గీతను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తుకుని, శుభ్రమైన పేజీ మీదికి దించేవాడు. జపాన్‌లో అయితే పేజీ మొదలుపెట్టకముందే ‘నేమ్’ అనే చిత్తుప్రతి గీసి ఎడిటర్‌కి చూపించాలి. ఆయనకు నచ్చకపోతే మళ్లీ మొదటికి. అక్కడ దాన్ని ఎవరూ టైమ్ వేస్ట్ అనుకోరు.

మీ వాడు చెరపడం తప్పు కాదు. ఎప్పుడు చెరుపుతున్నాడో మాత్రం కనుక్కోండి.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి పేజీ చెబుతాను. అందులో ఆరు గడులు. ఒక గడిలో ఎడమవైపు కొడుకు, కుడివైపు తల్లి. ముందు అడిగేది తల్లి, జవాబు చెప్పేది కొడుకు. మనం చదివేది ఎడమ నుంచి కాబట్టి, ప్రశ్న కంటే ముందు జవాబే కంట పడుతోంది. నాలుగు రోజులు కూర్చుని ఇంకు కూడా పెట్టేశాక, మాటలు రాయబోతే గానీ ఆ సంగతి వాడికి తెలియలేదు. పేజీ మొత్తం పోయింది. అదే అగ్గిపెట్టెంత చిత్తుబొమ్మలో మాటల బుడగలు కూడా పెట్టుకుని ఉంటే, తల్లినీ కొడుకునీ అటూ ఇటూ మార్చడం రెండు నిమిషాల పని. అప్పటినుంచి వాడికి బుడగలు ముందు, మనుషులు తర్వాత. చెరపడం ఏమీ తగ్గలేదు, చెరిపే పని చిన్న కాగితం మీదే అయిపోతోంది.

ఇక ఆ డిజిటల్ కోర్సులు. వాటి మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. ట్యాబ్లెట్ చెడ్డదని కాదు. కానీ అందులో జూమ్‌కి అంతు లేదు. కనురెప్పల వెంట్రుకలు గీస్తూ గంట గడిపేస్తారు, పేజీ మొత్తంగా ఎలా ఉందో చూసుకోరు. అమెరికన్ కామిక్స్ వాళ్లు మామూలుగా వాడే 11x17 అంగుళాల అట్ట అయితే చెయ్యి చాపి పట్టుకుంటే చాలు, తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది. పైగా ఈ కోర్సులు ఊరించేదంతా ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ చదివే కామిక్స్ గురించే. అక్కడ వారానికి యాభైకి పైగా బొమ్మలు ఇవ్వాల్సి రావడం మామూలే, చాలామంది సహాయకులను పెట్టుకుంటారు. రెండు వారాలకు ఒక పేజీ గీసే పిల్లాణ్ని తీసుకెళ్లి అందులో వేస్తారా? సాఫ్ట్‌వేరే కావాలంటే క్రిటా ఉచితం, ఇంట్లోనే నేర్చుకుంటాడు. డిగ్రీలో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయిస్తారు, తప్పును మొహం మీదే చెప్పేవాళ్లుంటారు. అందుకే నా మొగ్గు అటు. ఎక్కడ చేర్చినా, పాత విద్యార్థుల ఫైనల్ పేజీలు చూసి మురిసిపోకండి. వాటి చిత్తుప్రతులు చూపించమనండి. చూపించలేకపోతే అక్కడ దిద్దడం నేర్పడం లేదన్నమాట.

తిండి పెడుతుందా అంటారా? ఒక్క కామిక్స్‌తోనే మొదట్లో కష్టం, అబద్ధం చెప్పను. కానీ సినిమాలకు, ప్రకటనలకు, యానిమేషన్‌కు స్టోరీబోర్డు గీసేవాళ్లు చేసేది ఈ పనే. కథను గడులుగా విడగొట్టడం, కుదరకపోతే మళ్లీ గీయడం. మీ వాడు అది పదిహేడేళ్లకే ఎవరూ చెప్పకుండా చేస్తున్నాడు. మీరేమో తీసుకెళ్లి చెత్తబుట్టలో వేశారు! ఆర్ట్ కాలేజీల్లో చాలాచోట్ల పోర్ట్‌ఫోలియోతో (ఎంచిన మంచి బొమ్మల ఫైలుతో) పాటు స్కెచ్‌బుక్ కూడా అడుగుతారు, తెలుసా? పిల్లాడు ఎలా ఆలోచిస్తున్నాడో తెలిసేది అందులోనే.

ఆ కాగితాలు ఇంకా ఇంట్లోనే ఉంటే తీసి వాడి చేతికివ్వండి, తారీఖులు వేసి ఫైల్లో పెట్టుకుంటాడు. పోయి ఉంటే సారీ చెప్పండి, తండ్రి అయినంత మాత్రాన చెప్పకూడదని లేదు. పరీక్షలయ్యేదాకా పెద్ద కాగితం ముట్టుకోవద్దని, అగ్గిపెట్టెంత బొమ్మలే గీసుకోమని చెప్పండి. వాటికి రోజుకు అరగంట చాలు.