కొత్త టిప్పరా, సెకండ్ హ్యాండా? ముందు మీ ట్రిప్పులు లెక్కపెట్టండి

ప్రశ్న: పదేళ్లుగా వేరేవాళ్ల టిప్పర్ నడుపుతున్నాను. ఇప్పుడు సొంత బండి కొనాలని ఉంది. నా దగ్గరున్న డబ్బు కొత్త బండి ధరలో 30 శాతం దాకా వస్తుంది. ఏడేళ్ల పాత టిప్పర్ ఒకటి సగం ధరకు ఇస్తామంటున్నారు. కొత్తగా రంగు వేశారు, ఎక్కువ సరుకు పట్టేలా తొట్టి గోడలు కూడా ఎత్తు చేశారు. ఒక కాంట్రాక్టర్ పని ఇస్తానని మాటిచ్చాడు. కొత్తది కొందామంటే ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారు. ఇంట్లోవాళ్లేమో ఇంకో ఏడాది ఆగమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందే చెప్పేస్తాను, మీరు పాతదే కొనండి. కానీ మీరు రాసిన ఆ బండి మాత్రం నాకు నచ్చలేదు. ఇక ఇల్లు జోలికి అస్సలు వెళ్లొద్దు.

లెక్క చూద్దాం. కొత్త బండి ధర 100 అనుకోండి, మీ చేతిలో 30 ఉంది. అందులో 10 పక్కన పెట్టేసి 20 మాత్రమే డౌన్ పేమెంట్ కట్టండి, ఎందుకో తర్వాత చెప్తాను. కొత్తదానికి 80 అప్పు అవుతుంది, 12 శాతం వడ్డీకి ఐదేళ్లంటే నెలకు సుమారు 1.78 కిస్తీ. పాతది 50కి వస్తే అప్పు 30 చాలు, పాత బండికి వడ్డీ ఎక్కువే వేస్తారు కాబట్టి 15 శాతం అనుకున్నా మూడేళ్లకు నెలకు 1.04 పడుతుంది. ఇప్పుడు డీజిల్, డ్రైవర్, మిగతా దారి ఖర్చులన్నీ పోగా ఒక్కో ట్రిప్పుకు 0.02 మిగులుతుందనుకుందాం. కొత్త బండి కిస్తీకే నెలకు 89 ట్రిప్పులు కావాలి, పాతదానికి 52 చాలు. రోజుకు నాలుగు ట్రిప్పులు పడితే మొదటిది 22 రోజుల పని, రెండోది 13 రోజులు. పాతదానికి రిపేర్లుంటాయి కదా అంటారు, ఉంటాయి. దానికని నెలకు ఇంకో 0.5 తీసి పెట్టండి, అప్పుడు కూడా 77 ట్రిప్పులే అవుతాయి. టైర్లు, ఇన్సూరెన్స్ రెండింటికీ ఉంటాయి కాబట్టి ఇక్కడ కలపలేదు, మీ సొంత లెక్కలో మాత్రం కలుపుకోండి.

77కీ 89కీ తేడా ఎంతని అనిపించొచ్చు. అసలు తేడా వానలు పడి పని ఆగిన నెలలో తెలుస్తుంది. బండి నిలబడితే రిపేర్ ఖర్చు చాలావరకు నిలబడుతుంది, కిస్తీ మాత్రం నిలబడదు. మీలాగా ఒక్క బండితో మొదలుపెట్టేవాళ్లకు పాతదే మేలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. కొత్త బండికి వారంటీ ఉంటుంది, డీజిల్ కొంచెం తక్కువ తాగొచ్చు, రోడ్డు మధ్యలో ఆగిపోయే టెన్షన్ ఉండదు, ఇవన్నీ నిజమే. ఏడాది పొడవునా పని ఖాయమని కాగితం మీద రాసిచ్చే కంపెనీ ఉంటే నేనే కొత్తది కొనమనేవాణ్ణి.

ఒక టిప్పర్ యజమాని లెక్కలు మూడేళ్లు నేను చూశాను. ఆయనకు పని ఎప్పుడూ తక్కువ కాలేదు, బిల్లు డబ్బులు మాత్రం రెండు మూడు నెలలకు గానీ వచ్చేవి కావు. బండి రోజూ తిరుగుతూనే ఉండేది, కిస్తీలు తప్పుతూనే ఉండేవి, చివరికి అప్పిచ్చినవాళ్లు బండి పట్టుకుపోయారు. చూస్తుంటే చాలా బాధేసింది. మిమ్మల్ని పక్కన పెట్టమన్న ఆ 10 అందుకే. మూడు నెలల కిస్తీలు, ఒక జత టైర్లు, ఒక పెద్ద రిపేరు అందులోంచి వెళ్లాలి. మీ కాంట్రాక్టర్‌ని కూడా పని ఇస్తావా అని కాదు, బిల్లు ఎన్ని రోజుల్లో ఇస్తావు, నెలకు కనీసం ఎన్ని ట్రిప్పులు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఆ పనిని లెక్కలో వేసుకోకండి.

ఇక ఆ బండి సంగతి. తొట్టి గోడలు ఎత్తు చేశారని మీరు సంతోషంగా రాశారు, నాకు భయమేసింది. టిప్పర్ ఎంత మోయగలదో తొట్టి సైజు చెప్పదు, బండి మొత్తం బరువు పరిమితిలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలిందే చెప్తుంది. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1.6 టన్నులు, అదే తడిస్తే 1.9 దాకా వెళ్తుంది. 14 ఘనపు మీటర్ల తొట్టి నింపితే పొడిగా 22 టన్నులు, తడిగా 26 దాటుతుంది. పైన అదనంగా రేకు వేశారంటే ఆ బండి ఇన్నేళ్లూ ఓవర్‌లోడ్‌తోనే తిరిగి ఉండే అవకాశం ఎక్కువ, ఆ దెబ్బంతా ఛాసిస్ మీద, కమాను పట్టీల మీద, వెనక యాక్సిల్ మీద పడి ఉంటుంది. బొగ్గులాంటి తేలిక సరుకు కోసం ఎత్తు చేసిన బండ్లూ ఉంటాయి, కాబట్టి ఇంతకాలం ఏం మోసిందో అడగండి. కొత్త రంగు కింద కొత్త వెల్డింగ్ ఉందేమో చూడాలి, ముఖ్యంగా తొట్టిని లేపే జాకీ బిగించిన చోట, తొట్టి వెనక తిరిగే పిన్నుల దగ్గర.

పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండగా మీ చేత్తోనే స్టార్ట్ చేయండి. కిలోమీటర్లు ఒక్కటే చూడొద్దు, టిప్పర్ ఇంజిన్ లోడింగ్ దగ్గర నిలబడి కూడా గంటలు గంటలు తిరుగుతుంది, కాబట్టి అవర్ మీటర్ ఉంటే అదీ చూడండి. లోడ్‌తో, చదునైన నేల మీద, తొట్టిని సగం లేపి ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు చూడండి. మెల్లగా దిగిపోతుంటే జాకీ సీళ్లో, వాల్వో పోయినట్టే. కింద చూడాలంటే తొట్టి ఖాళీ చేయించి, లేపి, ఊతం పెట్టాకే వెళ్లండి, ఊతం లేకుండా ఎవరు రమ్మన్నా తల పెట్టకండి. అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌ను తీసుకెళ్లండి. ఇంజిన్ ఆయిల్ కొద్దిగా తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే లోపలి అరుగుదల బయటపడుతుంది, దానికయ్యే ఖర్చు ఇంజిన్ రిపేరు ముందు ఏపాటిది! ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోవాలి, బండి మీద పాత అప్పు, జరిమానాలు, పన్నులు బాకీ లేవని రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

అప్పు దగ్గర ఒక్క మాట. 8 శాతమే అని ఎవరైనా అంటే అది ఫ్లాట్ వడ్డీనా, అంటే బాకీ తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీనా అని అడగండి. నాలుగేళ్లకు ఫ్లాట్ 8 శాతం అంటే, తగ్గుతూ పోయే బాకీ మీద లెక్కేస్తే 14 శాతం పైనే అవుతుంది.

ఇంట్లోవాళ్లు ఏడాది ఆగమంటున్నారన్నారు, నేను మూడు నెలలు చాలంటాను. ఇప్పుడు నడుపుతున్న బండికి రోజుకు ఎన్ని ట్రిప్పులు పడుతున్నాయి, ఎన్ని గంటలు లోడింగ్ దగ్గర ఆగుతోంది, డీజిల్ ఎంత పోస్తున్నారు, ఎన్ని రోజులు పని లేదు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. స్టీరింగ్ మీ చేతిలోనే ఉంది కాబట్టి ఈ లెక్క మీకు పైసా ఖర్చు లేకుండా వస్తుంది. నెలకు సగటున 77 కాదు, 95 ట్రిప్పులు తేలితే ధైర్యంగా బండి వెతకండి. 70 దగ్గరే ఆగితే ఇంట్లోవాళ్ల మాట విని, ఆ ఏడాదిలో డౌన్ పేమెంట్ ఇంకొంచెం పెంచుకోండి.